మేనత్త పోతే సెలవు లేదు

మే 26, సోమవారం

నా పేరు వాసితి. మరిచిపోతానేమోనని రాసి పెట్టుకుంటున్నాను. తోంగా దీవుల నుంచి ఈ హువాన్ లోయకు చదువుకోవడానికి వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఇంతవరకు ఒక్కరి నోటా ఆ మూడక్షరాలు సరిగ్గా రాలేదు. బళ్ళో అందరికీ నేను ‘వాజ్’. మొదలుపెట్టింది టెగనే. నేను ఉంటున్న ఇంటి అమ్మాయి, నా ఈడుదే. “వాజ్ అయితే ముద్దుగా ఉంటుంది, పలకడానికీ తేలిక” అంది. ఇంగ్లీషులో అది పూలు పెట్టుకునే కూజా పేరు! నన్ను పట్టుకుని కూజా అని పిలిస్తే పళ్ళికిలించి పలుకుతున్నాను. నాకు బుద్ధి లేదు.

నాన్న నాకు ఇంకేదో పేరు అనుకున్నాడట. అనసేని అత్త వచ్చి ‘వాసితి’ అందట. అంతే. అక్క ఒక మాట అన్నాక నాన్న మారు మాట్లాడతాడా?

ఇవాళ మిసెస్ పెట్టిఫర్ తన గదికి పిలిచింది. ఆవిడ బళ్ళో రెండో పెద్ద. మా విద్యార్థి మార్పిడి కార్యక్రమానికి ఈ ఊళ్ళో పెత్తనం కూడా ఆవిడదే. జూన్ పదమూడున ‘దేశదేశాల సాయంత్రం’ అట. జర్మనీ అబ్బాయి బంగాళదుంపలు ఉడకబెట్టి తెస్తే చాలట. నేను మాత్రం చేతులకు నూనె రాసుకుని, పూలదండ వేసుకుని, నవ్వుతూ నాట్యం చెయ్యాలట.

“నువ్వు మీ దేశానికి రాయబారివి వాజ్. మాకు తోంగా అంటే నీ నవ్వే” అంది.

నవ్వాను. ఇంకేం చేస్తాను?

ఇంటికి రాగానే టెగన్ వాళ్ళమ్మ గ్లెనిస్ ఎదురొచ్చింది. “ఎలా గడిచింది బంగారం?” “బాగా గడిచింది.” “నిజంగా?” “నిజంగా.” ఈవిడకు పూటపూటా నేను బాగున్నానని భరోసా ఇవ్వాలి, లేకపోతే ఈవిడ బాగుండదు. ఆవిడ మొగుడు రస్ ఏమీ అడగడు. యాపిల్ తోటలోంచి వస్తాడు, బూట్లు విప్పుతాడు, తింటాడు, టీవీలో ఆట చూస్తాడు. ఈ ఇంట్లో నాకు కాస్త నచ్చిన మనిషి అతనే, నాతో మాట్లాడడు కాబట్టి.

మే 29

ఇక్కడ మే నెలంటే చలికాలం. చేతులు కడుక్కున్నాక వేళ్ళు ఉన్నాయో లేదో చూసుకోవాల్సి వచ్చింది. బాగానే ఉన్నాను.

మే 31, శనివారం

ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ మాట్లాడింది, పేసి అక్క మాట్లాడింది.

“అత్తేదీ?”

“పడుకుంది” అంది అమ్మ.

“పోయిన వారమూ పడుకునే ఉందిగా?”

“పెద్దవాళ్ళు పడుకుంటారు. నీకెందుకే?”

శనివారం పూట, ఊరంతా రేపటి వంటకు ఆకులు కోసుకునే వేళ, అనసేని అత్త పడుకోవడమా? అందరికీ పనులు పురమాయించకపోతే ఆవిడకు తోచనైనా తోచదు.

నన్ను ఇక్కడికి తోసిందే అత్త. నాన్న వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. అత్త లోపల చాప మీద కూర్చుని, “పంపించు ఇసిలేలీ. ఏడాది చదువుకుని వస్తుంది” అంది. నాన్న గుమ్మం బయటే తల దించుకుని నిలబడి, “సరే అక్కయ్యా” అన్నాడు. అత్త ఉన్న గదిలో నాన్న కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఆ తరవాత నాకేసి తిరిగి, “ఆ మూతి ముడుపు ఎవరికి చూపిస్తావు? వెళ్ళు. నవంబరులో వచ్చి నాకు అంతా చెబుదువుగాని” అంది.

చెప్పడానికి చాలా పోగయ్యాయి అత్తా. నిద్ర లేచి ఫోను తీస్తే ఇప్పుడే మొదలుపెడతాను.

జూన్ 4, బుధవారం

అత్త పోయింది.

జూన్ 4, మళ్ళీ

లెక్కల క్లాసులో ఉండగా గ్లెనిస్ వచ్చింది. నాన్న ఇంటికి ఫోన్ చేశాడట. బండిలో చెప్పింది, రోడ్డుకేసే చూస్తూ. చెప్పి, “బాగా దగ్గరి మనిషేనా బంగారం?” అంది.

దగ్గరి మనిషేనా.

జూన్ 5, గురువారం

శనివారం పూడుస్తారు. ఇవాళ బయల్దేరితేనే అందుకుంటాను. పొద్దున్నే పెట్టిఫర్ గది ముందు నిలబడ్డాను.

“నాకు చాలా బాధగా ఉంది వాజ్. కానీ నిబంధన నిబంధనే. తల్లి, తండ్రి, తోబుట్టువులు పోతేనే మధ్యలో ఇంటికి పంపుతాం. ఆంట్ అంటే దూరపు చుట్టాల కింద లెక్క.”

“దూరపు చుట్టం కాదు. మా నాన్న అక్క.”

“అదేనమ్మా. ఆంట్.”

“ఆంట్ కాదు!”

“మరి?”

మరి ఏమిటి? నాకు వాళ్ళ భాషలో మాట దొరకలేదు. వీళ్ళకు అమ్మ చెల్లెలూ ఆంటే, మామయ్య పెళ్ళామూ ఆంటే, ఎదురింటావిడా ఆంటే. మేనత్తను ఆ గంపలో ఎక్కడని వెతకను? “మా ఇంట్లో అందరికన్నా పెద్ద. నాన్నకన్నా పెద్ద. ఆవిడ చెబితే నాన్న...” అని ఆగిపోయాను.

“అంటే ఇంటి యజమానురాలా?”

“కాదు.”

“నిన్ను పెంచిందా?”

“కాదు, మా అమ్మే పెంచింది.”

“చట్టప్రకారం సంరక్షకురాలా?”

“కాదన్నానుగా!”

అరిచానట. లేచి వెళ్ళి తలుపు మూసింది. కాగితపు రుమాళ్ళ డబ్బా నా ముందుకు తోసింది. నేనేమీ ఏడవడం లేదు. డబ్బా మళ్ళీ ఆవిడవైపే తోశాను.

మధ్యాహ్నం నాన్నకు ఫోన్ చేశాను. “వీళ్ళు పంపరట. చదువు మానేసి వచ్చేస్తాను నాన్నా. మీరొక్క మాట చెప్పండి వీళ్ళకు.”

“రావద్దమ్మా.”

వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట.

“ఎందుకు వద్దు?”

“అక్కయ్య మాట.”

“ఎప్పుడంది?”

వెనక ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు. “పొయ్యి దగ్గర పని ఉంది తల్లీ” అని పెట్టేశాడు.

వెళ్ళినా నాకేం దొరుకుతుంది గనక? ఆవిడ ముఖం దగ్గర కూర్చునే హక్కు నాకు లేదు. నాన్నా, మేమూ లియోంగిలం, ఆవిడ కింది వాళ్ళం. మా ఆచారం ప్రకారం చిరిగిన చాపలు ఒంటికి చుట్టుకుని ఇంటి వెనక పొగలో పందులు కాలుస్తూ, గిన్నెలు తోముతూ ఉంటాం. నేనడిగింది అదే. ఆ పొగ. ఆ గిన్నెలు. అది కూడా ఇవ్వరట.

జూన్ 6, శుక్రవారం

పొద్దున్నే యాపిల్ షెడ్డులోకి వెళ్ళాను. నేను తెచ్చుకున్న, ఒంటికి చుట్టుకునే చాప నాట్యం కోసం తెచ్చుకున్నది, సన్నటి తెల్లటి అల్లిక. ఇప్పుడది కడితే అత్తను వెక్కిరించినట్టే. షెడ్డులో పాత గోనె సంచులు ఉన్నాయి, ఎలుకలు కొరికినవి, మట్టి కొట్టుకుపోయినవి. వాటిని చీల్చి, దబ్బనంతో ఒకదానికొకటి కుట్టి, యూనిఫాం మీద చంకల కింద నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకుని తాడుతో కట్టాను. అత్త చూస్తే “కుట్టు వంకర పోయింది” అనేది.

గ్లెనిస్ టోస్టు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. “బంగారం... అది... బడికా?”

“అవును.”

టెగన్ చూసింది. “అయ్యో దేవుడా. నేను వేరే బస్సులో పోతాను.”

ఈ రోడ్డు మీద ఉన్నదే ఒక బస్సు.

ఆ బస్సు కోసం టెగన్‌కు దూరంగా నిలబడ్డాను. తోటలకు పోయే బండ్లు ఒక్కొక్కటీ నెమ్మదించి, అద్దంలోంచి చూసి, పోతున్నాయి. ఒకడు కిటికీ దించి, “ఏంటమ్మా అది, నాటకమా?” అన్నాడు. తరవాత ఒక పాత ట్రక్కు ఆగింది. నడుపుతున్నది నోలా. పైతోటలో కుక్కతో ఒక్కతే ఉంటుంది. రస్‌కు సొంత అక్క. రస్ ఇంట్లో ఆ పేరెత్తితే టీవీ చప్పుడు పెరుగుతుంది. వాళ్ళ నాన్న నాటిన యాపిల్ చెట్లు పీకించి చెర్రీలు వేసిందని తగువట. ఆరేళ్ళుగా ఒకే రోడ్డు మీద ఎదురుపడుతూ చెయ్యి కూడా ఊపుకోరు.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“ఎవరు పోయారు?” అంది.

పొద్దున్నుంచి అందరూ ఇదేమిటి, ఇదెందుకు అన్నవాళ్ళే.

“మా నాన్న అక్క.”

“ఓ.” కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించింది. “గోనెకు ఈ చలి ఆగదు. ఎక్కు.”

బడి దాకా తీసుకెళ్ళింది. కుక్క నా ఒళ్ళో పడుకుంది. దాని వాసన ఇంకా గోనెకు ఉంది.

బళ్ళో మొదటి గంటలోనే బయటికి పంపారు. “తీసేస్తే క్లాసుకు పో. తీయనంటే లైబ్రరీలో కూర్చో” అంది పెట్టిఫర్. లైబ్రరీలో కూర్చున్నాను.

జూన్ 7, శనివారం

పొద్దున షెడ్డులో, ఖాళీ పెట్టెల మీద కూర్చుని చూశాను. పేసి అక్క వీడియో కాల్ చేసింది. పాపం నాకు ముందు వైపంతా చూపిద్దామని తంటాలు పడింది. నల్లబట్టల జనం, పాటలు పాడేవాళ్ళు, పేర్చిన చాపలు.

“అటు వద్దక్కా. మన వైపు తిప్పు.”

“మన వైపేముందే, పొగ తప్ప?”

“అదే చూపించు.”

తిప్పింది. ఇంటి వెనక గుంటపొయ్యి, ఆవిర్లు, చిన్నమ్మలు, మసిపట్టిన తపేలాలు. పేసి అక్క చాప భుజాల దాకా ఉంది, అంచులు పీలికలు. ఆ తపేలాల దగ్గర ఒకరు కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది. అది నాదని నేననుకోవడమేలే, అక్కడ కట్టెలు పెట్టడానికి వదిలి ఉంటారు.

నాన్న పొయ్యి దగ్గర ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. చాప నేల మీద ఈడ్చుకుపోతోంది. ఫోను ఆయన చేతికిమ్మన్నాను.

“మీకెప్పటి నుంచి తెలుసు నాన్నా?”

కళ్ళు తుడుచుకున్నాడు. పొగకే కావచ్చు.

“క్రిస్మస్‌కే తెలిసింది. డాక్టరు చెప్పాడు.”

క్రిస్మస్‌కు. నేను విమానం ఎక్కింది ఫిబ్రవరిలో.

“నాకు చెప్పలేదేం?”

“అక్కయ్య చెప్పొద్దంది. ‘దానికి తెలిస్తే కదలదు. నా మంచం పక్కన కూర్చుని ఏడాది పోగొట్టుకుంటుంది’ అంది. నేనేమనను? ఆవిడ మాట...”

“ఆవిడ మాట, ఆవిడ మాట! మీకు నోరు లేదా?”

నాన్నతో అలా మాట్లాడాను. చుట్టూ అందరూ విన్నారు. నాన్న ఫోను పేసి అక్కకు ఇచ్చి, వంగి, ఆకులు తీసి గుంటలోంచి వేడి రాళ్ళు పక్కకు లాగుతున్నాడు. అంతలో పాట మొదలైంది. శవాన్ని తీస్తున్నారు. నేను పెట్టెలమీంచి లేచి నిలబడ్డాను. అక్క ఫోను ఏ వైపు తిప్పిందో నాకు గుర్తు లేదు.

జూన్ 8

నీ మీద నాకేం కోపం లేదు అత్తా.

జూన్ 9

లేదు.

జూన్ 10, మంగళవారం

ఇవాళ పెట్టిఫర్ తేల్చి చెప్పింది. శుక్రవారం సాయంత్రానికి ఆ గోనె తీసేసి, ఒప్పుకున్న నాట్యం చెయ్యాలి. చెయ్యకపోతే కార్యక్రమం నియమాలు మీరినట్టు పెద్ద ఆఫీసుకు రాస్తుంది. వాళ్ళు నన్ను ఇంటికి పంపించేస్తారు.

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. “పోయిన వారం ఇంటికి పంపమని నేనేగా అడిగింది?”

“అది వేరు వాజ్.”

“ఏమిటి వేరు?”

“అది సెలవు. ఇది శిక్ష.”

పోతానంటే పోనివ్వరు, ఉంటే ఉండనివ్వరు. ఇక్కడి వాళ్ళ తర్కం నేర్చుకోవాలంటే ఏడాది చాలదు.

చావు ఇంట నాట్యం ఉండదని చెప్పాను. “ఇది చావు ఇల్లు కాదు కదమ్మా” అంది. అప్పటినుంచీ మండిపోతున్నాను.

సాయంత్రం గ్లెనిస్ టీ తెచ్చి మంచం అంచున కూర్చుంది. “ఒక్క సాయంత్రమే బంగారం. అత్త కూడా నువ్వు నవ్వుతూ ఉండాలనే కోరుకునేదిగా?”

ఆవిడ మంచిది. చాలా మంచిది. ఆ టీ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది.

టెగన్ గుమ్మంలోంచి అంది: “బళ్ళో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, తెలుసా? మీ గోనె సంచి అక్క వచ్చిందా అంటున్నారు. ఎవరో ఆంట్ కోసం ఇంత రభసా?”

“ఎవరో ఆంట్! నీకూ ఉందిగా పైతోటలో ఒకావిడ. ఆవిడ చస్తే ఎన్ని రోజులకు తెలుస్తుంది మీకు? కుక్క మొరిగితేనా?”

టెగన్ ముఖం ఎర్రబడింది. గ్లెనిస్ లేచి వెళ్ళిపోయింది. ముందు గదిలో టీవీ చప్పుడు పెరగలేదు. రస్ విన్నాడన్నమాట.

విననీ.

జూన్ 14, శనివారం

నిన్న సాయంత్రం సంగతి.

వెళ్ళాను. గోనెతోనే వెళ్ళాను. హాలు నిండా జనం, రంగు కాగితాలు, ఎవరో డబ్బాలోంచి ఉకులేలే అనే చిన్న గిటారు పాట పెట్టారు, అది హవాయిది, మాది కూడా కాదు. నేను హాల్లోకి పోలేదు. పక్కనున్న వంటగదిలోకి వెళ్ళి, చేతులు పైకి మడుచుకుని, తొట్టి దగ్గర నిలబడ్డాను. పళ్ళేలు రావడం మొదలైంది. తోమాను. జర్మనీ అబ్బాయి బంగాళదుంపల తపేలా మాడి వచ్చింది. అది తోమినంతసేపూ నాకు హాయిగా ఉంది. ఈ వారంలో మొదటిసారి నా చేతులకు తెలుసు ఏం చెయ్యాలో.

పెట్టిఫర్ వచ్చింది. “వాజ్, నీ వంతు. అందరూ ఎదురు చూస్తున్నారు.”

“నా పేరు వాసితి. నా చోటు ఇదే.”

“ఇది నీ పని కాదు. దీనికి మనుషులున్నారు.”

“మా అత్త పోయింది. ఇది నా పనే.”

ఆవిడ పెదవులు బిగించింది. “సరే. సోమవారం ఉత్తరం రాస్తాను” అని వెళ్ళిపోయింది. మైకులో ఏదో సర్ది చెప్పింది. జనం అయ్యో అన్నారు.

కాసేపటికి రస్ వచ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. తరవాత ఒక తుండు తీసుకుని నేను కడిగిన పళ్ళేలు తుడవడం మొదలుపెట్టాడు. గ్లెనిస్ తోముతుంటే తను ఇంట్లో తుండు పట్టగా నేను చూడలేదు. ఒకటే పళ్ళేన్ని చాలాసేపు తుడిచాడు.

“నువ్వెందుకు కడుగుతున్నావు?” అన్నాడు. నాలుగు నెలల్లో నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

“పోయినావిడ మాకన్నా గొప్పది కాబట్టి. ముందు కూర్చోవడానికి మేమెవరం? వెనక పని చేస్తాం.”

తల ఊపాడు. ఇంకో పళ్ళెం తీసుకున్నాడు.

“మా అమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చింది, చర్చి హాలుకు. నోలా నా పక్కన ముందు వరసలో కూర్చోలేదు. వంటగదిలో దూరి సాయంత్రం దాకా కప్పులు కడుగుతూనే ఉంది. అమ్మంటే దీనికి లెక్కలేదు అనుకున్నా.”

“తగువు చెట్ల గురించి కదా?”

“చెట్లు ఆ తరవాత.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అత్త మీద, నాన్న మీద, పెట్టిఫర్ మీద రావాల్సిందంతా అతని మీదకే వచ్చింది. “ఆరేళ్ళా! ‘ఎందుకు కడుగుతున్నావు’ అని ఇప్పుడు నన్నడిగారే, ఆ మాట మీ అక్కను అడగడానికి ఏమొచ్చింది మీకు? ఆవిడ బతికే ఉంది! ఆ కొండ మీదే ఉంది! నాకు అడుగుదామన్నా అత్త లేదు!”

తుండు భుజాన వేసుకున్నాడు. మిగిలిన పళ్ళేలన్నీ ఇద్దరం కలిసి ముగించాం.

జూన్ 16

పెట్టిఫర్ ఉత్తరం పంపింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి రమ్మంది, గ్లెనిస్‌నూ రస్‌నూ కూడా. క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తారట. నేను రాయను.

అత్తను పూడ్చి రేపటికి పదో రోజు. ఇంటి దగ్గర మా వాళ్ళకు జుట్టు తీస్తారు. నాకెవరు తీస్తారు? అద్దం ముందు నేనే కత్తిరించుకుంటే అది వట్టి జుట్టు కత్తిరించుకోవడం. మనకన్నా పై మెట్టు మనిషి తియ్యాలి.

ఈ లోయలో నాకన్నా పై మెట్టున ఎవరున్నారని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. నేను రస్ ఇంటి పిల్లను కదా, కాగితాల మీదైనా. రస్‌కు పైన ఎవరు?

జూన్ 17, మంగళవారం

రస్‌నే అడిగాను, దించమని. బడి అయ్యాక పైతోట గేటు దాకా తెచ్చాడు. ఇంజను ఆపాడు గాని దిగలేదు.

నోలా తలుపు తీసింది. చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

“నాకు గొర్రెల ఉన్ని తియ్యడం తప్ప రాదు పిల్లా.”

“పరవాలేదు.”

“ఎంత తియ్యాలి?”

“మీరెంతంటే అంత. అది నేను చెప్పకూడదు.”

“నేనెంతంటే అంతా?” నవ్వింది. “ఈ కొండ మీద నా మాట కుక్క కూడా వినదు.”

వరండాలో పీట వేసి కూర్చోబెట్టింది. జడ నా నడుం దాటి ఉంటుంది. చేతిలో పట్టుకుని బరువు చూసింది. కత్తెర చప్పుడు చెవి పక్కనే.

“ఏం చేసేది మీ అత్త?”

ఊళ్ళో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది, చాపలు అల్లేది, అందరినీ తిట్టేది అని చెప్పబోయాను. నోట్లోంచి వచ్చింది వేరు. “నన్ను పంపించేసింది. జబ్బని తెలిసి, తెలిస్తే నేను కదలనని తెలిసి, నాకు చెప్పనివ్వకుండా, నన్ను విమానం ఎక్కించి చచ్చిపోయింది. నవంబరులో వచ్చి అంతా చెప్పమంది! ఎవరికి చెప్పాలట? గోడలకా?”

“కోపంగా ఉందా ఆవిడ మీద?”

“ఉంది! ఉంది! చాలా ఉంది!”

“మంచిది. తల కదపకు.”

తల కదపకుండా ఏడవడం చాలా కష్టం. ఆవిడ ఆగలేదు, సముదాయించలేదు. చెవుల కింది దాకా తీసి, వెనక సమం చేసి, జడను ఒక శుభ్రమైన గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. తల తేలికైపోయి చలికి మెడ జివ్వుమంది.

శుక్రవారం సంగతి కూడా చెప్పాను. ఉండమని అత్త ఆజ్ఞ, పొమ్మని వీళ్ళు.

“నీకేం కావాలి?”

“ఎవరి మాటా వినాలని లేదు.”

“అది సరే. కావాల్సిందేమిటి?”

“ఉండాలి” అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. అత్త చెప్పిందని కాదు. ఎందుకో నాకే తెలియదు.

నోలా లేచి నాతోపాటు గేటు దాకా నడిచింది. రస్ అద్దం దించాడు. ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడ అతని బండి టైరుకేసి చూస్తూ, “రసెల్. శుక్రవారం తొమ్మిదింటికి బడికి వస్తున్నా. ఉతికిన చొక్కా వేసుకునిరా” అంది.

ఆరేళ్ళ తరవాత మొదటి మాట.

“సరే” అన్నాడు రస్.

జూన్ 20, శుక్రవారం

పెట్టిఫర్ బల్లకు అటు. ఇటు నేను, గ్లెనిస్, రస్. గోనె పదో రోజుతోనే తీసేశాను. యూనిఫాం మీద నల్లగుడ్డ పట్టీ కట్టుకున్నాను. నా జుట్టు చూసి పెట్టిఫర్ కళ్ళు పెద్దవి చేసింది. పెద్ద ఆఫీసు వాళ్ళు వచ్చే వారం పంపించేయమన్నారని చెప్పడం మొదలుపెట్టింది. నేను ఇక్కడి వాతావరణంలో ఇమడలేదట. ఈ మార్పిడి నాకేమీ నేర్పలేకపోవడం తనకు విచారంగా ఉందట.

“నేర్పింది” అన్నాను.

“ఏమిటది?”

“మీ భాషలో ఆంట్ అనే మాట చాలా చిన్నదని.”

అప్పుడు తలుపు తెరుచుకుంది. నోలా. బూట్లకు మట్టి, చేతిలో టోపీ.

“ఇది కుటుంబ సమావేశమండీ” అంది పెట్టిఫర్.

“అందుకే వచ్చా. ఈ పిల్ల ఉంటున్న ఇంటాయనకు అక్కని.”

“ఆతిథ్య కుటుంబం కాగితాల్లో మీ పేరు లేదు.”

“అయితే రాసుకో జూడిత్. నీకు అక్షరాలు నేర్పింది మా అమ్మే, మరిచిపోలేదుగా?” పెట్టిఫర్‌ను పేరు పెట్టి పిలవడం మొదటిసారి విన్నాను. కుర్చీ లేకపోయినా నోలా గోడకు ఆనుకోలేదు. “పిల్ల ఇంట్లో మనిషి పోయింది. బట్ట మార్చింది, ఆట మానేసింది, అంట్లు తోమింది. ఇందులో తప్పేది? ఎక్కడికీ పోదు. చదువు అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది.”

గ్లెనిస్ చిన్న గొంతుతో, “మాకూ ఉంచుకోవాలనే ఉంది” అంది. తరవాత ఇంకాస్త గట్టిగా, “ఆ అమ్మాయి పేరు వాసితి” అంది. కొంచెం తప్పుగానే పలికింది. ముందే సాధన చేసి వచ్చినట్టుంది.

పెట్టిఫర్ రస్‌కేసి చూసింది, ఈ ఆడవాళ్ళందరిలోకీ తెలివిగల మాట అతనే అంటాడన్నట్టు. “రస్, ఆతిథ్య తండ్రిగా మీ ఉద్దేశం ఏమిటి?”

రస్ ఉతికిన చొక్కా కాలరు సవరించుకున్నాడు. తల దించుకున్నాడు.

“మా అక్క చెప్పిందే” అన్నాడు.

పెట్టిఫర్ ఫోను తీసి పెద్ద ఆఫీసుకు కలపమంది. మమ్మల్ని బయట కూర్చోమంది. లోపలినుంచి ఆవిడ గొంతు పెరగడం, తగ్గడం వినిపించింది. చివరికి వచ్చి, ఈసారికి హెచ్చరికతో వదిలేశారని, నల్లపట్టీ కనపడకుండా బ్లేజరు బొత్తాలు పెట్టుకోమని చెప్పింది. పెట్టుకోనన్నాను. విననట్టు నటించింది.

గ్లెనిస్ పనికి వెళ్ళిపోయింది. మేం ముగ్గురం రస్ బండిలో ఎక్కాం, నోలా ట్రక్కు బడి ముందే మొరాయించింది కాబట్టి. నేను మధ్యలో. వంతెన దాటాం.

“చెర్రీలకు వల కప్పలేదు ఈ ఏడు కూడా” అన్నాడు రస్, రోడ్డుకేసి చూస్తూ.

“నా చెర్రీలు, నా వల.”

“నాన్న చెట్లు పీకి పెట్టావు, వాటినైనా చూసుకోవాలిగా.”

“పుచ్చిపోయిన చెట్లు! నువ్వెప్పుడైనా ఎక్కి చూశావా? కింద నిలబడి ఏడవడం తప్ప?”

“పుచ్చాయని నాతో ఒక్క మాట అన్నావా?”

“నువ్వడిగావా?”

అక్కడినుంచి ఇద్దరికీ పూనకమే. చెట్లు, కప్పులు, అమ్మ గొలుసు, ఎప్పుడో చిన్నప్పుడు బావిలో పడేసిన సైకిలు. నా తల మీదుగా ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్నారు. అద్దాలు ఆవిరితో మూసుకుపోయాయి. నోలా తన చేతి గుడ్డతో అద్దం తుడుస్తూ కూడా తిట్టడం ఆపలేదు. రస్ ఒకే మాటు ఇంత మాట్లాడగలడని నాకు తెలియదు.

పైతోట గేటు దగ్గర బండి ఆగింది. ఇద్దరూ గమనించలేదు, ఇంకా సైకిలు దగ్గరే ఉన్నారు. గేటు తియ్యమని ఎవరూ నాకు చెప్పలేదు. నోలా మోకాళ్ళ మీదుగా దాటి, చలిలోకి దిగి, నేనే తీశాను. చిన్నదాన్ని నేనే కదా.